కొత్తగా తెరిచిన డిమ్ సమ్ రెస్టారెంట్: మళ్ళీ వెళ్ళొచ్చా, కొన్నాళ్ళు ఆగాలా?

వేడివేడిగా:

ఈమధ్యే తెరిచిన ఒక చైనీస్ డిమ్ సమ్ (ఎక్కువగా ఆవిరి బుట్టల్లో వచ్చే చిన్నచిన్న తినుబండారాలు) రెస్టారెంట్‌కి వెళ్ళొచ్చాం. పేరు రాయను, తెరిచి నెల కూడా కాలేదు, అప్పుడే నలుగురిలో పెట్టి కడిగెయ్యడం నాకిష్టం లేదు. కానీ బయటికొచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే వాదన. నేను బాగుందంటాను, మా ఆవిడ బాలేదంటుంది, కాసేపయ్యాక ఇద్దరం పార్టీలు మార్చుకుంటాం. డిమ్ సమ్ గురించి బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా తీర్పు చెప్పి పుణ్యం కట్టుకోండి.

ముందు హార్ గావ్ (రొయ్య నింపిన డంప్లింగ్) సంగతి. బుట్ట మూత తియ్యగానే లోపలి రొయ్య గులాబీ రంగులో పైపొర గుండా కనిపిస్తోంది, చూడ్డానికి సూపర్. చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని లేపితే అడుగు పొర మొత్తం బుట్టలో పరిచిన కాగితానికి అతుక్కుపోయి పైసగం మాత్రం చేతికొచ్చింది, రొయ్య బుట్టలోనే కూర్చుంది. నాలుగింటిలో మూడు ఇదే కథ. కానీ ఆ రొయ్యని ఏరుకుని తింటే మాత్రం, అబ్బ, కొరగ్గానే పటుక్కుమంది, నీచు వాసన అన్నదే లేదు. సియూ మైకి (మాంసం కూరిన డంప్లింగ్) వంక పెట్టలేం, మాంసం ముక్కలు ముక్కలుగా పంటికి తగులుతోంది, పేస్టులా లేదు. చార్ సియూ బావ్ (తియ్యటి పందిమాంసం నింపిన ఆవిరి బన్) పైన పువ్వులా విచ్చుకుని ఉంది, తుంచగానే మాత్రం ఏదో ఘాటు వాసన గుప్పున ముక్కుకి కొట్టింది, ఆ వాసన పోయాక రుచి బాగానే ఉంది. షియావ్ లాంగ్ బావ్‌లో సూప్ ఉంటుంది జాగ్రత్త, నోరు కాలుతుంది అని మా ఆవిడకి పెద్ద లెక్చరిచ్చాను, తీరా కొరికితే చుక్క లేదు. చియుంగ్ ఫన్ (బియ్యప్పిండి పొరలో కూరు పెట్టి చుట్టేది) మందంగా ఉంది. కోడికాళ్ళు మాత్రం అదరగొట్టారు, ఎముక దానంతటదే ఊడి వచ్చేస్తోంది.

ఇంకో గొడవ, చెప్పినవన్నీ ఒకేసారి తెచ్చి టేబుల్ మీద పేర్చేశారు. గ్లాసు పెట్టుకోడానికి చోటు లేదు. మొదటి బుట్ట తినేసరికి చివరి బుట్టలు చల్లారిపోయాయి. సర్వర్ కుర్రాడు పాపం ఒక్కడే అటూ ఇటూ పరిగెడుతున్నాడు, వాణ్ణి ఏమనాలనిపించలేదు. బిల్లులో మనిషికింత అని టీ వేశారు, టీ కావాలని మేం అడగనే లేదు, కూర్చోగానే వాళ్ళే తెచ్చి పెట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. త్వరలో మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఆయనకి ఇలాంటి కొత్త తిండి అంటే మహా సరదా, బీఫ్ మాత్రం ముట్టరు. ఆవిడ పూర్తి శాకాహారి. వాళ్ళని ఇక్కడికి తీసుకెళ్ళొచ్చా? నేను చెప్పినవన్నీ కొత్తగా తెరిచినచోట ఉండే తడబాట్లేనా, లేక వంటవాళ్ళకి పని రాదా? అది ఎలా పోల్చుకోవాలి?

—

ఆవిరిగది:

నేను కొంతకాలం డిమ్ సమ్ కిచెన్‌లో స్టీమర్ దగ్గర పనిచేశాను, అందుకే మీరు రాసింది చదువుతుంటే లోపల ఏం జరిగి ఉంటుందో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ కిచెన్‌లో పని ఒక్కరిది కాదు. లోపలి కూరు కలిపేవాళ్ళు వేరు, పిండి చేసి చుట్టేవాళ్ళు వేరు, స్టీమర్ చూసుకునేవాళ్ళు వేరు. కాబట్టి "వంటవాళ్ళకి పని వచ్చా రాదా" అని మొత్తానికి కలిపి అడిగితే జవాబు దొరకదు, ఏ తప్పు ఎవరి దగ్గర జరిగిందో విడదీసి చూడాలి.

మీ రొయ్య పటుక్కుమందన్నారు కదా, అది ఊరికే రాదు. రొయ్యని కొంచెం క్షారం, పిండి వేసి రుద్ది, చన్నీళ్ళ ధార కింద చాలాసేపు కడిగి, తడి పూర్తిగా తీసేసి, ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత కలుపుతారు. ఇందులో ఒక్క మెట్టు ఎగ్గొట్టినా రొయ్య మెత్తగా, పిండిపిండిగా వస్తుంది. సియూ మైలో మాంసం పంటికి తగిలిందంటే మెషిన్‌లో మెత్తగా నూరకుండా కత్తితో తరిగారు. అంటే కూరు కలిపే మనిషి గట్టివాడే. ఇది మంచి కబురు.

ఇక హార్ గావ్ పొర. అది మామూలు గోధుమపిండి కాదు. గోధుమలోంచి గ్లూటెన్ తీసేశాక మిగిలే స్టార్చ్, దాంతోపాటు టాపియోకా స్టార్చ్, మసలే నీళ్ళు పోసి కలుపుతారు. గ్లూటెన్ లేదు కాబట్టి సాగదు. అందుకే కర్రతో ఒత్తకుండా, పదును లేని వెడల్పాటి కత్తికి నూనె రాసి, దాని చెంపతో ఉండని నొక్కి ఒక్క తిప్పు తిప్పుతారు, గుండ్రటి పల్చటి బిళ్ళ వచ్చేస్తుంది. చూడ్డానికి తేలిక, చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ పొర ఆవిరిలో ఉండాల్సింది ఐదారు నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు ఉంటే నీళ్ళు తాగి జావలా అయిపోయి కాగితానికి పట్టేస్తుంది. మీకు జరిగింది నూటికి తొంభై పాళ్ళు అదే. సర్వర్ ఒక్కడే అన్నారుగా, బుట్ట ఉడికిపోయినా తీసుకెళ్ళే మనిషి లేక స్టీమర్ మీదే ఉండిపోయి ఉంటుంది. పొర చుట్టిన మనిషి తప్పు కాదు. లోపల రొయ్య రంగు కనిపించేంత పల్చగా చేశారంటేనే చెయ్యి తిరిగినవాళ్ళని అర్థం. కాగితానికి నూనె రాయకపోయినా అతుక్కుంటుంది, అది ఒక్క పూటలో సరైపోయే సంగతి.

బావ్‌లో ఘాటు వాసన అమ్మోనియాది. పైన అలా మూడు పాయలుగా పగలడం కోసం పిండిలో బేకింగ్ పౌడర్‌తోపాటు అమ్మోనియం బైకార్బనేట్ వేస్తారు చాలాచోట్ల. ఆవిరి గట్టిగా తగిలితే ఆ గ్యాసంతా బయటికి పోతుంది. పాళ్ళు ఎక్కువైనా, స్టీమర్ నిండా బుట్టలు పెట్టేసి ఆవిరి చాలకపోయినా వాసన మిగులుతుంది. ఇది కూడా సర్దుకునేదే.

నాకు అనుమానం వచ్చింది షియావ్ లాంగ్ బావ్ దగ్గర. అసలది డిమ్ సమ్ పుట్టిన కాంటన్ (దక్షిణ చైనా) వంట కాదు, షాంఘై వైపుది, అక్కడి నాన్‌షియాంగ్ దానికి పేరు. పంది చర్మం ఉడికించిన రసాన్ని గడ్డకట్టించి, తరిగి, కూరులో కలిపి చుడితే ఆవిరికి అది కరిగి సూప్ అవుతుంది. పొరకి ఎక్కడ సూదిమొనంత చిల్లు పడ్డా మొత్తం కారిపోతుంది. కాంటనీస్ కిచెన్‌లో దీనికి ప్రత్యేకంగా మనిషి ఉండడం తక్కువ, అడుగుతారు కదా అని మెనూలో పెడతారు, బయట ఫ్రోజెన్‌వి కొనుక్కుని ఉడికించి ఇస్తారు. మీకొచ్చినవి అవేనని నేను ఒట్టేసి చెప్పలేను గానీ, అక్కడ మాత్రం అది మానెయ్యండి.

చియుంగ్ ఫన్ మందంగా ఉండడం నాకు అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపిస్తోంది. బియ్యప్పిండి పల్చగా కలిపి, గుడ్డ మీదో ట్రేలోనో పోసి, నిమిషం రెండు నిమిషాలు ఆవిరి పట్టి, గీకి చుడతారు. పిండి ఊరికే అడుక్కి దిగిపోతుంది, ప్రతిసారీ పోసేముందు కలియబెట్టాలి. రష్‌లో కలపకుండా పోస్తే పైనుంచి పోసింది నీళ్ళలా, అడుగుది మందంగా వస్తుంది. రష్ లేని టైంలో వెళ్ళి ఇదొక్కటి చెప్పి చూడండి. అప్పుడూ మందంగానే వస్తే ఆ మనిషికి చెయ్యి తిరగలేదు, ఇక మీరు నెల ఆగినా రెండు నెలలు ఆగినా లాభం లేదు.

—

మొహమాటంలేదు:

ఆవిరిగది గారు చక్కగా చెప్పారు కానీ నాదొక పాయింటు. వాళ్ళు కొత్త కదా అని మనం సర్దుకుంటాం సరే, బిల్లు కొత్త కదా అని తగ్గించారా? పూర్తి రేటు తీసుకున్నారుగా! ప్రాక్టీసు చేసుకోవాలంటే తలుపులు తెరవకముందు చుట్టాలనీ స్నేహితులనీ పిలిచి పెట్టుకోవాలి, లేదా తక్కువ రేటుకి తక్కువ ఐటమ్స్‌తో మొదలుపెట్టాలి. సర్వర్ ఒక్కడే ఉన్నాడంటే అది ఓనర్ కక్కుర్తి, కొత్తదనం కాదు.

ఇంకోటి, కోడికాళ్ళు బాగున్నాయని పొంగిపోకండి. అవి కూడా వండి ప్యాక్ చేసినవి దొరుకుతాయి, వేడి చేసి పెట్టడమే. పెద్దవాళ్ళని తీసుకెళ్ళి ప్రయోగాలు చెయ్యొద్దు. వాళ్ళకి బాలేకపోతే మీ మామగారు పైకి ఏమీ అనరు, ఊరెళ్ళాక అందరికీ చెప్తారు.

—

రెండోకప్పు:

హహ, చివరి లైను నిజం.

టీ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటాను. మనిషికింత అని టీ వెయ్యడం మోసం కాదండీ. కాంటనీస్ వాళ్ళకి యమ్ చా అంటే టీ కోసం వెళ్ళి పక్కన చిన్నచిన్నవి నాలుగు తినడం, డిమ్ సమ్ అనేది ఆ టీకి తోడు. హాంకాంగ్‌లో, గ్వాంగ్‌జౌలో కూర్చోగానే మొదట అడిగేది ఏ టీ అనే, దానికి తలకింత అని బిల్లులో పడుతుంది, ఎన్నిసార్లు వేడినీళ్ళు పోయించుకున్నా అదే. కానీ మీ దగ్గర వాళ్ళు చేసిన తప్పు ఏంటంటే ఏ టీ కావాలో అడగకుండా పెట్టడం. ఈసారి మీరే చెప్పండి. పందిమాంసం, వేపుళ్ళు ఎక్కువ తినేట్టయితే పుఅర్ బాగుంటుంది, నల్లగా, మట్టి వాసనతో ఉంటుంది, కొందరికి మొదట నచ్చదు. మీ అత్తగారికి మల్లెపూల టీ గానీ చామంతి టీ గానీ చెప్పండి. కుండలో నీళ్ళు అయిపోతే సర్వర్‌ని కేకెయ్యక్కర్లేదు, మూత కాస్త పక్కకి జరిపి పెడితే నింపమని గుర్తు, ఆ పద్ధతి తెలిసిన స్టాఫ్ అయితే వాళ్ళే వచ్చి పోస్తారు. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో టేబుల్ మీద తట్టడం థాంక్స్ చెప్పినట్టు. దీని వెనక ఒక కథ ఉంది. చియెన్‌లాంగ్ అనే చైనా చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన వెంట ఉన్నవాడికి టీ పోశాడట, మోకరిల్లితే గుట్టు బయటపడుతుందని అతను వేళ్ళు వంచి బల్ల మీద తట్టాడట. కథ ఎంతవరకు నిజమో పక్కన పెడితే, అలవాటు మాత్రం ఇప్పటికీ ప్రతి టేబుల్ దగ్గరా కనిపిస్తుంది. మీ మామగారికి చెప్పండి, ఆయన ఇక రోజంతా తడుతూనే ఉంటారు.

అన్నీ ఒకేసారి రావడం గురించి. ఒకప్పుడు ట్రేలు మెడకి తగిలించుకుని టేబుళ్ళ మధ్య తిరుగుతూ అమ్మేవాళ్ళు, తర్వాత ట్రాలీలొచ్చాయి, కావలసింది చూపిస్తే బుట్ట దించి కార్డు మీద ముద్ర కొట్టేవాళ్ళు. హాంకాంగ్ సిటీ హాల్‌లోని మాక్సిమ్స్ ప్యాలెస్ రెస్టారెంట్‌కి ఆ ట్రాలీల వల్లే పేరు. అందులో ఉన్న సుఖం ఏంటంటే తినేవాడి స్పీడుని బట్టి తిండి వస్తుంది. ఇప్పుడు ఎక్కువచోట్ల కాగితం మీద టిక్కులు పెట్టి ఇవ్వడమే. ట్రాలీ మీద తిరిగి తిరిగి ఎండిపోయిన బుట్ట కంటే ఆర్డరిచ్చాక ఉడికించింది నయమే, ఒప్పుకుంటా, నాకు మాత్రం ట్రాలీ వస్తుంటే మెడ సాచి చూడ్డంలో ఉన్న సరదా వేరు. సరే, కాగితం పద్ధతిలో చెయ్యాల్సింది ఒకటే, మొత్తం ఒకేసారి టిక్కు పెట్టి ఇవ్వకండి. మొదట ఆవిరివి రెండు మూడు చెప్పండి. అవి వచ్చాక వేపుళ్ళు, ఆ తర్వాత తామరాకులో చుట్టిన లో మై గై (జిగురు బియ్యం, కోడిమాంసం) లాంటి బరువైనవి, ఆఖర్న తీపి. రెండో కాగితం అడిగితే ఎవరూ కాదనరు. హార్ గావ్ చల్లారితే పొర మొద్దుగా, గట్టిగా అయిపోతుంది, దాన్ని మళ్ళీ వేడి చేసినా పూర్వపు రూపం రాదు, వచ్చిన రెండు నిమిషాల్లో తినేయాలి.

మొహమాటంలేదు గారు తక్కువ ఐటమ్స్‌తో మొదలుపెట్టాలన్నారు, దానికి నా ఓటు. టిమ్ హో వాన్ అనే డిమ్ సమ్ రెస్టారెంట్ 2009లో హాంకాంగ్‌లోని మాంగ్‌కాక్‌లో ఇరవై సీట్లున్న చిన్న గదిలో మొదలైంది, పెట్టినవాళ్ళలో ఒకరు ఫోర్ సీజన్స్ హోటల్‌లోని లంగ్ కింగ్ హీన్ రెస్టారెంట్‌లో డిమ్ సమ్ చేసిన మనిషి. చిన్న మెనూ, ఆర్డరిచ్చాక వండటం, బయట క్యూ. మిషెలిన్ స్టార్ కూడా వచ్చింది. కొత్తచోట మెనూ చాంతాడంత ఉంటే నాకు మొదటే డౌటొస్తుంది.

—

పచ్చిమాట:

అత్తగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదేంటి? నేను శాకాహారిని, డిమ్ సమ్ పిచ్చి ఉన్న స్నేహితుల మధ్య ఇరుక్కుపోయినదాన్ని, కాబట్టి ఈ భాగం నాకొదిలెయ్యండి.

"వెజ్ ఉందా" అని అడిగితే ఉందనే చెప్తారు. ఆ ప్రశ్న వల్ల ఉపయోగం లేదు. ముల్లంగి కేక్ అని మెనూలో ఉంటుంది, పేరు చూసి చెప్పేస్తే అందులో ఎండు రొయ్యలు, చైనీస్ సాసేజ్ ముక్కలు ఉంటాయి. చామదుంప పొరతో వేయించే వూ గాక్ లోపల పందిమాంసం. ఆకుకూర ఉడికించి తెస్తారు, పైన ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల రసంతో చేసేది) పోసి. అన్నిటికంటే పెద్ద చిక్కు, పై పిండిలోనే పందికొవ్వు కలపడం. హార్ గావ్ లాంటి పారదర్శకమైన పొరలో కొద్దిగా కొవ్వు వెయ్యడం మామూలు, మెరుపు కోసం, మెత్తదనం కోసం. అదే పిండితో పుట్టగొడుగులు చుట్టి వెజ్ అని అమ్మితే అది వెజ్ అయిపోదు కదా. ఎగ్ టార్ట్ (గుడ్డు కస్టర్డ్ నింపి కాల్చేది) అడుగు పొరలో, తీపి బావ్‌లలోని ఎర్ర బీన్స్ ముద్దలో కూడా కొవ్వు ఉండొచ్చు. పైగా మీ అత్తగారు గుడ్డు తినరనుకుంటాను, అలా అయితే టార్ట్ ఎలాగూ లేదు.

కాబట్టి సర్వర్‌ని ఇలా అడగండి: ఈ పిండిలో వేసింది నూనెనా పందికొవ్వా, సాస్‌లో ఆయిస్టర్ ఉందా, ఎండు రొయ్య ఉందా. వాడు "లేదు" అని టకీమని చెప్పేస్తే నమ్మకండి, లోపలికెళ్ళి అడిగొస్తానన్నవాణ్ణి నమ్మండి. బౌద్ధులు తినే శుద్ధ శాకాహారం ఒక పద్ధతిగా చైనాలో ఎప్పట్నుంచో ఉంది, దాంట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ రకం కావాలని చెప్తే కిచెన్‌లో తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

ఇంకో విషయం, బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉడికిస్తారు. పైబుట్టలో మాంసం ఉంటే దాని రసం కింద బుట్టలోకి కారుతుంది. ఆవిడది పైన పెట్టమని గానీ, విడిగా ఉడికించమని గానీ చెప్పండి. చాలామంది మంచిగానే వింటారు. రష్ టైంలో మాత్రం ఈ కోరికలన్నీ గాలికి పోతాయి, ఆదివారం మధ్యాహ్నం అసలు వద్దు.

మామగారికి బీఫ్ వద్దన్నారు కదా, ఆవిరి మీద ఉడికించిన మాంసం ఉండలు ఉంటాయి, కింద ఎండబెట్టిన టోఫు పొర పెడతారు, అవి చాలావరకు బీఫ్‌వే. చియుంగ్ ఫన్‌లో కూడా రొయ్య, చార్ సియూ, బీఫ్ మూడు రకాలొస్తాయి, చుట్టేశాక బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో దించేటప్పుడే అడగండి.

—

వేడివేడిగా:

అందరికీ థాంక్స్. మధ్యలో సెలవు దొరికితే ఆఫీసులో ఒకతన్ని వెంటేసుకుని మళ్ళీ వెళ్ళాను, వారం మధ్యలో, తెరిచిన కాసేపటికే. హాల్లో సగం టేబుళ్ళు ఖాళీ. ఈసారి సర్వర్లు ముగ్గురు. టీ ఏది కావాలని అడిగారు, పుఅర్ చెప్పాను, మావాడికి నచ్చలేదు, నాకు తెగ నచ్చింది.

రెండు రెండుగా చెప్పాం. హార్ గావ్ చక్కగా లేచొచ్చింది, కాగితానికి ఏమీ మిగల్లేదు. అడుగున వేలితో తడిమి చూశాను, కాగితానికి నూనె రాసి ఉంది, కిందటిసారి రాశారో లేదో మరి. బావ్‌లో ఘాటు తగ్గింది, పూర్తిగా పోలేదు. చియుంగ్ ఫన్ ఆవిరిగది గారు చెప్పినట్టే పరీక్ష పెట్టి చూశాను: ఒక చివర పల్చగా, రెండో చివర మందంగా ఉంది. అంటే ఏమనుకోవాలి? సాస్ మాత్రం టేబుల్ దగ్గరికొచ్చాకే పోశారు, ముందే పోసి తేలేదు.

పచ్చిమాట గారి ప్రశ్నలు అడిగాను. సర్వర్ అమ్మాయి తడుముకుని లోపలికెళ్ళింది, ఆమెతోపాటు మేనేజర్ వచ్చాడు. హార్ గావ్ పిండిలో పందికొవ్వు వేస్తామని ఉన్నమాట చెప్పాడు. పుట్టగొడుగుల డంప్లింగ్స్‌కి మాత్రం నూనెతో వేరే పిండి కలుపుతారట, ముందురోజు చెప్తే విడి స్టీమర్‌లో ఉడికిస్తామన్నాడు. ముల్లంగి కేక్ వద్దని వాడే చెప్పాడు. షియావ్ లాంగ్ బావ్ మీరే చేస్తారా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

—

ఆవిరిగది:

ఆ నవ్వే జవాబు :)

చియుంగ్ ఫన్ ఒక చివర పల్చగా, ఒక చివర మందంగా ఉందంటే పిండి కలపకపోవడం కాదు, ట్రే వాలుగా ఉంది, లేదా పిండి పోశాక ట్రేని అటూ ఇటూ తిప్పి సమంగా పరవడం ఆ మనిషికి ఇంకా అలవాటు కాలేదు. నేర్చుకుంటున్న చెయ్యి. పిండి పాళ్ళు తప్పుంటే మొత్తం మందంగా ఉండేది. కొన్నాళ్ళకి బాగుపడే రకమే ఇది. ఈలోపు పల్చటి చివర మీరు తీసుకుని మందంది మీ ఆఫీసతనికి వెయ్యండి.

సర్వర్లని పెంచడం, టీ అడగడం, మేనేజర్ పందికొవ్వు ఉందని ఒప్పుకోవడం, ఇవి నాకు హార్ గావ్ కంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చాయి. చెప్తే వినే చోటు అన్నమాట. తీసుకెళ్ళండి మీ వాళ్ళని.

—

మొహమాటంలేదు:

మూడు వారాలు జనం డబ్బుతో ట్రైనింగ్ అయ్యాక బాగుపడ్డారు, సంతోషం. నా మాట మీద నేనున్నాను. వారం మధ్యలో సగం ఖాళీ హాల్లో ఎవడైనా బాగానే వండుతాడు, ఆదివారం మధ్యాహ్నం హాలు నిండినప్పుడు అదే హార్ గావ్ కాగితం వదిలి పైకి లేస్తుందో లేదో చూసి చెప్పండి, అప్పుడు నేనూ వెళ్తాను.

—

వేడివేడిగా:

ఆదివారం నేను వెళ్ళనుగాక వెళ్ళను, ఆ పరీక్షేదో మీరే పెట్టండి. మావాళ్ళని గురువారం పొద్దున్నే తీసుకెళ్తున్నాం, పుట్టగొడుగులవి ముందే చెప్పి ఉంచాను.

ఒక్క డౌటు మిగిలిపోయింది. ఎగ్ టార్ట్ చెప్తే చల్లగా ఇచ్చారు, అడుగు పొర మెత్తబడిపోయి ఉంది. అవి అలాగే తింటారా?

—

రెండోకప్పు:

అయ్యో, లేదు. అవి ఆవిరివి కావు, ఓవెన్‌లో ట్రేల లెక్కన కాలుస్తారు, కాబట్టి మీరు అడిగినప్పుడు ఏ ట్రేలో మిగిలింది ఉంటే అది వస్తుంది. వెళ్ళి కూర్చోగానే తర్వాతి ట్రే ఎన్నింటికి బయటికొస్తుందో అడిగి, అందులోంచి మీకు పక్కన పెట్టమనండి. వేడిగా ఉన్నప్పుడు మధ్యలో కస్టర్డ్ కొంచెం వణుకుతుండాలి, అంచు పొరలు పొరలుగా రాలాలి. గురువారం పొద్దున్నే అంటున్నారు కాబట్టి మొదటి ట్రే మీకే దొరకొచ్చు, మామగారికి రెండు చెప్పండి.